ట్యాంకు మీది పేరు, సీటు కింది కొలతలు

క్రూయిజర్ మోటార్‌సైకిల్ కొనదలచినవారు సాధారణంగా ముందు కంపెనీని ఎంచుకుని, ఆ తరవాతే ఆ కంపెనీ బండ్లలో తమకు నచ్చినదాన్ని వెతుక్కుంటారు. రాయల్ ఎన్‌ఫీల్డ్ అభిమానులు హోండా షోరూమ్ మెట్లెక్కరు, హార్లే-డేవిడ్‌సన్ పేరు మీద మక్కువ ఉన్నవారు బజాజ్ అవెంజర్‌ను లెక్కలోకే తీసుకోరు. రోజూ ఆఫీసుకు వెళ్లి రావడానికి కొనే మామూలు బండి విషయంలో ఈ పద్ధతి వల్ల పెద్ద నష్టం జరగకపోవచ్చు గానీ, క్రూయిజర్ విషయంలో మాత్రం జరుగుతుంది. దాదాపు ఒకే పరిమాణపు ఇంజన్‌తో పక్కపక్కన నిలబెట్టిన బండ్ల మధ్య కూర్చునే తీరులోను, ఇంజన్ బలం పుట్టే వేగంలోను, రిపేరు దొరికే దూరంలోను ఉండే తేడా, వాటి పేర్ల మధ్య ఉన్న తేడా కన్నా చాలా ఎక్కువ. కొన్న ఏడాది తరవాత యజమానికి మిగిలేది సంతోషమైనా విసుగైనా అందుకు కారణం ఆ తేడాయే.

క్రూయిజర్‌ను చూడగానే గుర్తుపట్టవచ్చు. బండి పొడవుగా ఉంటుంది, సీటు బాగా కిందికి దిగి ఉంటుంది, కాళ్లు పెట్టుకునే ఫుట్‌రెస్టులు ముందుకు జరిగి ఉంటాయి, వెడల్పాటి హ్యాండిల్ నడిపేవారి చేతుల దాకా వంగి వస్తుంది, కాబట్టి నడిపేవారు కుర్చీలో కూర్చున్నట్టు నిటారుగా కూర్చుంటారు. తెలుగువారందరికీ తెలిసిన స్ప్లెండర్ ప్లస్‌తో పోల్చి చూస్తే ఈ కొలతల అర్థం తేలిగ్గా పట్టుబడుతుంది. ముందు చక్రం ఇరుసు నుంచి వెనక చక్రం ఇరుసు దాకా ఉండే దూరాన్ని వీల్‌బేస్ అంటారు. అది స్ప్లెండర్‌కు 1,236 మిల్లీమీటర్లయితే, రాయల్ ఎన్‌ఫీల్డ్ మీటియోర్ 350కి 1,400, బజాజ్ అవెంజర్ 220కి 1,490. నేల నుంచి సీటు ఎత్తు స్ప్లెండర్‌కు 785 మిల్లీమీటర్లు ఉండగా, మీటియోర్‌కు 765, అవెంజర్‌కు 737. స్ప్లెండర్ కన్నా జానెడుకు పైగా పొడవున్న అవెంజర్ సీటు దానికన్నా దాదాపు రెండంగుళాలు కిందికి ఉన్నదన్నమాట.

ఈ కొలతలన్నింటి కన్నా కంటికి తక్కువగా ఆనేది, బండి నడకను ఎక్కువగా శాసించేది ముందు ఫోర్కు వాలు. ముందు చక్రాన్ని పట్టి ఉంచే రెండు గొట్టాలు నిటారుగా కాక ముందుకు ఎంత వాలి ఉన్నాయో చెప్పే కోణాన్ని రేక్ అంటారు. ఆ వాలు వల్ల హ్యాండిల్ తిరిగే ఇరుసు గీతను నేల దాకా పొడిగిస్తే, అది టైరు నేలను తాకే చోటుకు కొంత ముందుగా పడుతుంది. ఈ రెండు బిందువుల మధ్య దూరమే ట్రెయిల్. సూపర్‌మార్కెట్‌లో సామాన్ల ట్రాలీని తోసినప్పుడు దాని చిన్న చక్రాలు ఇరుసు వెనకకు తిరిగి వాటంతటవే సర్దుకుని తిన్నగా నడిచినట్టే, ట్రెయిల్ ఎక్కువున్న మోటార్‌సైకిల్ ముందు చక్రం కూడా తనంతట తాను నేరుగా సాగాలని చూస్తుంది. హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్లే జాతీయ రహదారి మీద గంటల తరబడి నడిపేవారికి భుజాలు నొప్పెట్టకుండా కాపాడే గుణం ఇదే. అరకు వెళ్లే దారిలో అనంతగిరి మలుపుల దగ్గర బండి ఒక పట్టాన వంగనని మొండికేయడానికీ ఇదే కారణం. పైగా ఫుట్‌రెస్టులు కిందికి ఉండటంతో, మలుపులో కాస్త ఎక్కువ వంచేసరికి అవి రోడ్డును రాసుకుంటాయి. ఘాట్ రోడ్ల మీద చురుగ్గా నడపాలన్న కోరిక ఉన్నవారికి క్రూయిజర్ ఏ కంపెనీది కొన్నా అసంతృప్తే మిగులుతుంది. అటువంటివారు వేరే రకం బండి చూసుకోవడమే మేలు.

ఈ రూపం అమెరికాలో పుట్టింది. అక్కడి రోడ్లు పొడుగ్గా, తిన్నగా, విశాలంగా ఉండేవి, పెట్రోలు చవక, ఊరికీ ఊరికీ మధ్య దూరం ఎక్కువ. ఆ అవసరాలకు తగ్గట్టుగా పెద్ద ఇంజన్, తక్కువ వేగంలోనే లాగే బలం, సుఖంగా కూర్చునే సీటు ఉన్న బండ్లను మసాచుసెట్స్ రాష్ట్రం స్ప్రింగ్‌ఫీల్డ్‌లో 1901లో మొదలైన ఇండియన్ కంపెనీ, విస్కాన్సిన్ రాష్ట్రం మిల్వాకీలో 1903లో మొదలైన హార్లే-డేవిడ్‌సన్ కంపెనీ పోటాపోటీగా తయారు చేశాయి. అర్ధశతాబ్దం పాటు సాగిన ఆ పోటీ 1953లో ఇండియన్ తయారీ ఆగిపోవడంతో ముగిసింది. 2011లో పొలారిస్ సంస్థ ఆ పేరును కొన్న తరవాత మళ్లీ మొదలైంది. దక్షిణ డకోటాలోని స్టర్జిస్ పట్నంలో ఏటా ఆగస్టులో జరిగే మోటార్‌సైకిల్ జాతర నేడు హార్లే పేరుతో పెనవేసుకుపోయింది. 1938లో దాన్ని ప్రారంభించిన పాపీ హోయెల్ మాత్రం ఇండియన్ బండ్ల డీలర్. అభిమానాలు ఎంత గట్టివైనా అవి కాలంతో పాటు ఒక కంపెనీ నుంచి మరో కంపెనీకి మారినవేనని ఆ జాతర చరిత్ర గుర్తుచేస్తుంది.

కొనుగోలుదారుల ఎంపికను కంపెనీల గొప్పదనం కన్నా ప్రభుత్వాలు గీసిన పన్ను గీతలు ఎక్కువగా నిర్ణయించిన సందర్భం కూడా ఆ చరిత్రలోనే ఉంది. 1970ల చివరికల్లా కవాసాకి, యమహా, హోండా వంటి జపాన్ కంపెనీలు అమెరికన్ రూపాన్ని అనుసరిస్తూ తమవైన క్రూయిజర్లను దించసాగాయి. అవి ధరలోను, నాణ్యతలోను హార్లేను ఇరుకున పెట్టాయి. మాతృసంస్థ నుంచి అధికారులే 1981లో కొనుక్కున్న హార్లే కంపెనీ దివాలా అంచుకు చేరడంతో, 1983లో అమెరికా ప్రభుత్వం 700 సీసీ దాటిన దిగుమతి మోటార్‌సైకిళ్ల మీద సుంకాన్ని 4.4 శాతం నుంచి ఒక్కసారిగా 49.4 శాతానికి పెంచి, ఏటా కొంత తగ్గించేలా అయిదేళ్ల గడువు పెట్టింది. జపాన్ కంపెనీలు తమ 750 సీసీ ఇంజన్లను 700కు కాస్త లోపలికి కుదించి ఆ గీత కింది నుంచి దాటుకున్నాయి. హార్లే కూడా ఆ వ్యవధిలో కొత్త ఇంజన్ తెచ్చి, తయారీని చక్కదిద్దుకుని, గడువుకు ముందే 1987లో ఆ రక్షణ ఇక అక్కరలేదని తానే చెప్పింది.

భారతదేశంలో నేడు అలాంటి గీత 350 సీసీ దగ్గర ఉంది. 2025 సెప్టెంబర్ 22 నుంచి అమల్లోకి వచ్చిన జీఎస్టీ మార్పుల ప్రకారం 350 సీసీ వరకు ఉన్న మోటార్‌సైకిళ్లకు పన్ను 28 నుంచి 18 శాతానికి తగ్గగా, ఆపైన ఉన్నవాటికి అంతకుముందు సెస్సుతో కలిపి 31 శాతంగా ఉన్నది 40 శాతానికి పెరిగింది. పన్ను లేని ధర 2 లక్షల రూపాయలున్న బండిని ఉదాహరణగా తీసుకుంటే, గీతకు ఇటువైపు ఉంటే అది 2 లక్షల 36 వేలకు, అటువైపు ఉంటే 2 లక్షల 80 వేలకు వస్తుంది. ఎదుటివారికి జరిగిన నష్టానికి పరిహారం చెల్లించే థర్డ్ పార్టీ బీమా కూడా ఇదే గీతను పాటిస్తుంది. 2022లో ప్రకటించిన రేట్ల ప్రకారం 150 నుంచి 350 సీసీ వరకు ఏడాదికి 1,366 రూపాయలైతే, 350 దాటినవాటికి 2,804 రూపాయలు. కొత్త బండికి అయిదేళ్ల థర్డ్ పార్టీ బీమా ఒకేసారి కట్టవలసి ఉండటంతో ఈ తేడా ఆన్‌రోడ్ ధరలో స్పష్టంగా కనిపిస్తుంది. రెండు తెలుగు రాష్ట్రాల్లోను ద్విచక్ర వాహనాలకు వసూలు చేసే లైఫ్ టాక్స్ బండి ధరను అనుసరించి ఉంటుంది గనుక, పన్ను మీద పన్ను పడి దూరం ఇంకా పెరుగుతుంది. షోరూమ్ బోర్డు మీది ధరలను పోల్చి ఊరుకోకుండా, రిజిస్ట్రేషన్‌తో సహా మొత్తం ఎంతవుతుందో కాగితం మీద రాయించుకుని ఆ అంకెలనే పోల్చడం అవసరం.

ఈ గీతకు లోపల ఉన్న బండ్లే తెలుగు పాఠకులలో ఎక్కువమందికి అందుబాటులో ఉన్నవి, కాబట్టి వాటి వంశవృక్షాన్ని కొంత తెలుసుకోవాలి. మన దేశంలో క్రూయిజర్‌ను సామాన్యుల దగ్గరకు తెచ్చింది బజాజ్. జపాన్‌కు చెందిన కవాసాకి సహకారంతో 2001లో ఎలిమినేటర్ అనే 175 సీసీ బండిని దించి, 2005లో దాన్నే అవెంజర్‌గా మార్చి, 2010 నాటికి 220 సీసీకి చేర్చింది. 1955లో మద్రాసు మోటార్స్‌తో కలిసి మన దేశంలో అడుగుపెట్టిన ఎన్‌ఫీల్డ్, 2002లో థండర్‌బర్డ్‌తో ఈ తరహాలోకి వచ్చింది. ఆ స్థానంలోకి 2020 నవంబర్‌లో వచ్చిన మీటియోర్ 350 పాత బుల్లెట్ ఇంజన్‌కు సంబంధం లేని కొత్త ఇంజన్‌తో తయారైంది. అదే ఏడాది సెప్టెంబర్‌లో హోండా హైనెస్ సీబీ350 వచ్చింది. మైసూరులో ఒకనాడు తయారైన జావా పేరును 2018లో పునరుద్ధరించిన క్లాసిక్ లెజెండ్స్ సంస్థ, సీటును బాగా దించి, వెనక మడ్‌గార్డును కత్తిరించి, ఒక్కరు మాత్రమే కూర్చునేలా చేసే బాబర్ రూపంలో పెరాక్‌ను, ఆ తరవాత 42 బాబర్‌ను తెచ్చింది. గీతకు అవతల, హీరో మోటోకార్ప్‌తో కలిసి హార్లే-డేవిడ్‌సన్ 2023 జులైలో ఎక్స్440ని విడుదల చేసింది.

ఇక్కడే ఒక విషయం నిక్కచ్చిగా చెప్పుకోవాలి. క్రూయిజర్‌కు పుట్టిల్లు అనదగ్గ కంపెనీ పేరు ట్యాంకు మీద ఉన్నంత మాత్రాన ఎక్స్440 క్రూయిజర్ కాదు. దాని సీటు ఎత్తు 805 మిల్లీమీటర్లు, అంటే స్ప్లెండర్ కన్నా కూడా ఎత్తు. హోండా హైనెస్ సీటు 800 మిల్లీమీటర్లు. ఈ రెండూ పాతకాలపు అందంతో, నిటారు కూర్చోవడంతో చేసిన మంచి రోడ్‌స్టర్లు, అంటే కాళ్లు శరీరం కిందికే ఉండే సాదా బండ్లు. క్రూయిజర్ల ప్రకటనల మధ్యన కనిపిస్తాయి గనుక కొనేవారు వీటిని కూడా ఆ జాబితాలోనే వేసుకుంటారు. తప్పు లేదు, కాని కాళ్లు చాపుకుని కూర్చునే సుఖం కోసం వెతికేవారికి ఆ సుఖం వీటిలో దొరకదు. ఈ అర్థంలో చూస్తే ఇక్కడ చెప్పుకున్న 350 సీసీ లోపు బండ్లలో అసలైన క్రూయిజర్లు మీటియోర్, అవెంజర్, కొంత మినహాయింపుతో జావా బాబర్.

ఇంజన్ల విషయానికి వస్తే, ప్రకటనల్లో అందరూ మొదట చూసే హార్స్‌పవర్ అంకె క్రూయిజర్‌కు సంబంధించి అంతగా ఉపయోగపడదు. హార్స్‌పవర్ అంటే ఇంజన్ ఒక వ్యవధిలో చేయగల పని; టార్క్ అంటే చక్రాన్ని తిప్పే బలం, దాన్ని న్యూటన్ మీటర్లలో కొలుస్తారు. తిప్పే బలాన్ని, తిరిగే వేగాన్ని గుణిస్తే హార్స్‌పవర్ వస్తుంది, కాబట్టి ఒకే హార్స్‌పవర్‌ను ఎక్కువ బలంతో నెమ్మదిగా తిరిగి అయినా, తక్కువ బలంతో వేగంగా తిరిగి అయినా సాధించవచ్చు. మీటియోర్ 349 సీసీ ఇంజన్ 20కి కాస్త పైన, అవెంజర్ 220 సీసీ ఇంజన్ 19కి దగ్గరగా హార్స్‌పవర్ ఇస్తాయి. కాగితం మీద రెండూ సమానమేనని అనిపిస్తుంది. కాని మీటియోర్ 27 న్యూటన్ మీటర్ల గరిష్ఠ టార్క్‌ను నిమిషానికి 4,000 చుట్ల దగ్గరే ఇస్తే, అవెంజర్ తన 17.55 న్యూటన్ మీటర్ల గరిష్ఠాన్ని అందుకోవడానికి 7,000 చుట్లు తిరగాలి. హోండా హైనెస్ అయితే 30 న్యూటన్ మీటర్లను 3,000 చుట్ల దగ్గరే ఇస్తుంది.

ఈ అంకెలతో చిన్న లెక్క వేస్తే రోడ్డు మీద ఏం జరుగుతుందో అర్థమవుతుంది. ఇంజన్ నిమిషానికి 3,000 చుట్లు తిరుగుతున్నప్పుడు హోండా చేతిలో సుమారు పన్నెండున్నర హార్స్‌పవర్ సిద్ధంగా ఉంటుంది. అవెంజర్ తన గరిష్ఠ టార్క్‌ను ఆ వేగంలోనే ఇవ్వగలదని ఉదారంగా ఊహించినా ఏడున్నరకు మించదు. మూసాపేట నుంచి అమీర్‌పేట దాకా సాయంత్రం రద్దీలో బండి నడిచేది దాదాపు ఈ చుట్ల మధ్యనే. ముందున్న ఆటో కదలగానే గేరు మార్చకుండా హోండా, మీటియోర్ లాగేసుకుపోతాయి. అవెంజర్‌లో గేరు తగ్గించి ఇంజన్‌ను కొంచెం అరిపించాలి. అయితే అవెంజర్ బరువు 163 కిలోలే, మీటియోర్ 191 కిలోలు కాబట్టి ఆ లోటును తేలికదనం కొంత పూడుస్తుంది. అవెంజర్‌ను బలహీనమైన బండి అని కొట్టిపారేయడం న్యాయం కాదు. దాన్ని వేగంగా తిరిగే ఇంజన్ ఉన్న క్రూయిజర్ అని అర్థం చేసుకుని కొంటే నిరాశ ఉండదు.

ఈ తేడాకు మూలం సిలిండర్ కొలతల్లో ఉంది. సిలిండర్ లోపల పిస్టన్ కిందికీ పైకీ ప్రయాణించే దూరాన్ని స్ట్రోక్ అంటారు. మీటియోర్ సిలిండర్ వెడల్పు 72 మిల్లీమీటర్లు, స్ట్రోక్ 85.8, హోండా వెడల్పు 70, స్ట్రోక్ 90.5, అవెంజర్ వెడల్పు 67, స్ట్రోక్ 62.4, జావా 334 సీసీ ఇంజన్ వెడల్పు 81, స్ట్రోక్ 65. పొడుగు స్ట్రోక్ ఉన్న ఇంజన్లను నెమ్మదిగా తిరుగుతూనే బలంగా లాగేలా తీర్చిదిద్దుతారు; పొట్టి స్ట్రోక్ ఇంజన్లు వేగంగా తిరిగి హార్స్‌పవర్ పుట్టించడానికి అనువైనవి. జావా అంతే పరిమాణంలో దాదాపు 30 హార్స్‌పవర్ ఇవ్వడానికి ఈ పొట్టి స్ట్రోక్‌తో పాటు నీటితో చల్లబడే ఏర్పాటు కూడా తోడ్పడింది. ఇంజన్లు గరిష్ఠ హార్స్‌పవర్ ఇచ్చే వేగంలో పిస్టన్ సగటున ఎంత వేగంగా పరుగెత్తుతుందో లెక్కిస్తే, 6,100 చుట్ల దగ్గర మీటియోర్‌లోను, 8,500 చుట్ల దగ్గర అవెంజర్‌లోను అది సెకనుకు సుమారు పదిహేడున్నర మీటర్లే. చుట్ల లెక్కలో ఎంత తేడా ఉన్నా లోపలి లోహం పడే శ్రమ రెండింటిలోను ఒకటే. గంటకు 80, 90 కిలోమీటర్ల దగ్గర హాయిగా సాగే మీటియోర్‌ను 110 దాటించాలని చూస్తే అది ఎందుకు ఆయాసపడుతుందో ఈ లెక్కే చెబుతుంది. జాతీయ రహదారుల మీద కార్లతో సమానంగా పోవాలనుకునేవారికి 350 సీసీ పొడుగు స్ట్రోక్ బండి తగినది కాదు.

ఇంజన్ వణుకు, శబ్దం గురించి అభిమానులు ఎంతైనా మాట్లాడతారు. హార్లే శబ్దానికి కారణం ఏ మంత్రమూ కాదు. 45 డిగ్రీల కోణంలో ఉన్న రెండు సిలిండర్ల పిస్టన్లు ఒకే క్రాంకు పిన్నుకు తగిలి ఉండటంతో, పేలుళ్లు సమాన విరామాలతో కాక ఒకసారి 315, మరోసారి 405 డిగ్రీల ఎడంతో జరుగుతాయి. ఆ అసమాన లయనే చెవి గుర్తుపడుతుంది. ఇక్కడ చెప్పుకున్న 350 సీసీ లోపు బండ్లన్నీ ఒకే సిలిండర్‌వి గనుక వాటిలో ఆ లయ ఉండదు. పిస్టన్ కదలిక వల్ల పుట్టే వణుకును అణచడానికి ఎదురు దిశలో తిరిగే బరువును బ్యాలెన్సర్ అంటారు. మీటియోర్‌లోను, హైనెస్‌లోను ఇది ఉంది, కాబట్టి పాత బుల్లెట్, థండర్‌బర్డ్ నడిపినవారు వీటి నున్నదనానికి ఆశ్చర్యపోతారు, కొందరు నిరాశపడతారు కూడా. ఆ నిరాశతో సైలెన్సర్ మార్పించుకోవడం మాత్రం సమర్థించదగినది కాదు. అది మోటారు వాహనాల చట్టానికి విరుద్ధం, రాత్రిపూట వీధిలో పసిపిల్లలకూ రోగులకూ నరకం. అటువంటి సైలెన్సర్లను హైదరాబాద్, విశాఖపట్నం పోలీసులు రోడ్డు రోలర్లతో తొక్కించడం పత్రికల్లో పలుమార్లు వచ్చింది.

ఇంజన్‌కు ఇచ్చినంత శ్రద్ధే శరీరానికి కూడా ఇవ్వాలి. మామూలు బండి మీద గుంత వచ్చినప్పుడు నడిపేవారు తమకు తెలియకుండానే ఫుట్‌రెస్టుల మీద బరువు మోపి సీటు నుంచి కాస్త లేస్తారు, దెబ్బ మోకాళ్లు తీసుకుంటాయి. క్రూయిజర్‌లో కాళ్లు ముందుకు ఉండటంతో అలా లేవడం కుదరదు. శరీరం బరువంతా నడుము కింది ఎముక మీద పడి, ప్రతి స్పీడ్‌బ్రేకరూ వెన్నెముకకు నేరుగా తెలుస్తుంది. సీటు ఎంత కిందికి దిగితే వెనక చక్రం పైకి కదలడానికి అంత తక్కువ చోటు మిగులుతుంది, కాబట్టి అందంగా కిందికి వాలిన బాబర్ రూపమే గతుకుల రోడ్డు మీద ఎక్కువ బాధ పెడుతుంది. నడుము నొప్పి ఇప్పటికే ఉన్నవారు, రోజూ పాడైన రోడ్డు మీద 20, 30 కిలోమీటర్లు తిరగవలసినవారు ఈ ఒక్క కారణంతో హైనెస్ లాంటి రోడ్‌స్టర్ వైపు మొగ్గడం తెలివైన పని.

పొట్టివారికి మాత్రం క్రూయిజర్ నిజమైన వరం. అయిదు అడుగుల రెండు మూడు అంగుళాల ఎత్తున్న పురుషులకు, స్త్రీలకు 800 మిల్లీమీటర్ల సీటు మీద మునివేళ్లే నేలకు ఆనతాయి. అవెంజర్ మీద రెండు పాదాలూ నిండుగా ఆనతాయి. బరువును ఆపవలసింది నిలబడి ఉన్నప్పుడూ, నెమ్మదిగా కదిలినప్పుడే గనుక ఈ ఆనిక భద్రతకు సంబంధించిన విషయం. హైదరాబాద్ అపార్టుమెంట్లలో బండి పెట్టేది సెల్లార్‌లో. పొద్దున్నే పక్కవారి కారుకూ స్తంభానికీ మధ్య నుంచి బండిని వెనక్కి నెట్టి, ఏటవాలుగా ఉన్న ర్యాంపు వైపు తిప్పుకోవాలి. 112 కిలోల స్ప్లెండర్‌తో ఎవరూ ఆలోచించని ఈ పని, 191 కిలోల మీటియోర్‌తో కొంచెం, రాయల్ ఎన్‌ఫీల్డ్‌దే అయిన 241 కిలోల సూపర్ మీటియోర్ 650తో బాగా ఆలోచించవలసిన పనవుతుంది. పాదాలు పూర్తిగా ఆనకపోతే, ర్యాంపు మధ్యలో ఇంజన్ ఆగిన రోజున బండి పక్కకు ఒరిగిపోతుంది.

ఎండ గురించి ఒక్క మాట. గాలితోను, ఆయిల్‌తోను చల్లబడే ఇంజన్లు నిర్మాణంలో సులువు, బాగు చేయడం తేలిక. రామగుండంలోనో, నంద్యాలలోనో మే నెల మధ్యాహ్నం సిగ్నల్ దగ్గర ఆగితే ఆ వేడి నేరుగా మోకాళ్లకు తగులుతుంది. నీటితో చల్లబడే జావాలో ఇంజన్ వేడి అదుపులో ఉంటుంది గాని, రేడియేటర్ ఫ్యాను ఆ వేడిని ముందు నుంచి కాళ్ల వైపు విసురుతుంది.

ఇక కంపెనీ పేరు. దానికి విలువ లేదని చెప్పడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. ఆ విలువ ఎక్కడుందో చూడటమే ముఖ్యం. కొన్న తరవాత పదేళ్ల పాటు స్పేర్ పార్టులు దొరకడం, పని తెలిసిన మెకానిక్ అందుబాటులో ఉండటం, అమ్మాలనుకున్నప్పుడు కొనేవారు ఉండటం, ఈ మూడింటి మొత్తమే ఆచరణలో కంపెనీ పేరు. 2016లో యూఎం అనే అమెరికన్ పేరుతో రెనిగేడ్ క్రూయిజర్లు మన మార్కెట్‌లోకి వచ్చాయి. అందంగా ఉన్నాయి, ధర అందుబాటులో ఉంది, కొన్నేళ్లకే కార్యకలాపాలు నిలిచిపోయాయి. బండి ఎంత బాగున్నా, క్లచ్ కేబుల్ దగ్గర నుంచి ఇంజన్ భాగాల దాకా ఎక్కడ దొరుకుతాయో తెలియని స్థితిలో యజమానులు మిగిలారు. హార్లే అంతటి కంపెనీ కూడా 2020 సెప్టెంబర్‌లో హర్యానాలోని బావల్ ఫ్యాక్టరీని మూసివేస్తున్నట్టు ప్రకటించింది. నెల తిరిగేసరికి హీరోతో ఒప్పందం కుదరడంతో ఆ బండ్ల యజమానులకు సర్వీసు దిక్కు దొరికింది.

ఈ కొలత జాతీయ స్థాయిలో కాక జిల్లా స్థాయిలో వేసుకోవాలి. హోండా యాక్టివా అమ్మే ప్రతి షోరూమ్‌లోను హైనెస్ దొరకదు, అది బిగ్‌వింగ్ అనే ప్రత్యేక షోరూముల్లోనే అమ్ముడవుతుంది. నగరంలో ఉన్నవారికి ఇది పట్టించుకోనక్కరలేని విషయం, చిన్న పట్నంలో ఉన్నవారికి ప్రతి సర్వీసింగ్‌కూ ఒక పూట ప్రయాణం. రాయల్ ఎన్‌ఫీల్డ్, బజాజ్ ఈ విషయంలో తెలుగు జిల్లాల్లో స్పష్టంగా ముందున్నాయి. అయితే బుల్లెట్ రిపేరులో చేయి తిరిగిన పాత మెకానిక్ మీటియోర్‌ను కూడా బాగు చేస్తాడన్న నమ్మకం పూర్తిగా సరైనది కాదు. పెట్రోలును కార్బురేటర్ బదులు ఎలక్ట్రానిక్ ఇంజెక్షన్ ద్వారా పంపే ఈ ఇంజన్లలో లోపం పసిగట్టడానికి కంపెనీ స్కానర్ కావాలి. అందువల్ల దగ్గరలోని సర్వీస్ సెంటర్‌కు వెళ్లి, అక్కడ నిలిపి ఉన్న బండ్లు ఎన్నాళ్లుగా ఉన్నాయో, ఏ భాగం కోసం ఎదురుచూస్తున్నాయో యజమానులనే అడిగి తెలుసుకోవడం ఏ ప్రకటన కన్నా నమ్మదగిన సమాచారం ఇస్తుంది.

చిన్నవిగా కనిపించే రెండు అంశాలు కూడా పోలికలో చేరాలి. ఒకటి చక్రాలు. మీటియోర్‌కు వచ్చే అలాయ్ చక్రాలకు ట్యూబ్‌లెస్ టైర్లు అమరుతాయి, మేకు గుచ్చుకున్నా గాలి నెమ్మదిగా దిగుతుంది, రోడ్డు పక్కన అయిదు నిమిషాల్లో పంక్చరు వేయవచ్చు. అవెంజర్ క్రూయిజ్‌కు ఉండే ఊచల చక్రాలు చూడముచ్చటగా ఉంటాయి గాని వాటికి ట్యూబు ఉంటుంది, నల్లమల అడవి మధ్యలో పంక్చరు పడితే చక్రం ఊడదీయక తప్పదు. రెండోది బ్రేకులు. అకస్మాత్తుగా బ్రేకు వేసినప్పుడు చక్రం బిగుసుకుపోయి జారకుండా చూసే ఏబీఎస్ 125 సీసీ దాటిన బండ్లన్నింటికీ చట్టప్రకారం తప్పనిసరే అయినా, ముందు చక్రానికి మాత్రమే ఉంటే సింగిల్ చానెల్, రెండింటికీ ఉంటే డ్యూయల్ చానెల్ అంటారు. పొడవాటి, బరువైన బండి వెనక చక్రం తడి రోడ్డు మీద పక్కకు జారితే నిలబెట్టడం కష్టం గనుక, క్రూయిజర్‌కు డ్యూయల్ చానెల్ కోసం అదనంగా ఖర్చు పెట్టడం అర్థవంతం.

350 సీసీ గీతకు అవతల ఉన్న సూపర్ మీటియోర్ 650, కవాసాకి ఎలిమినేటర్, హోండా రెబెల్ 500 వంటివి వేరే లోకం. రెండు సిలిండర్లతో అవి 100 కిలోమీటర్ల వేగంలో నిశ్చింతగా సాగుతాయి. ఈ మూడింటిలో 690 మిల్లీమీటర్ల సీటుతో రెబెల్ పొట్టివారికి అన్నింటికన్నా అనువైనది. నెలకు ఒకటి రెండుసార్లయినా రాష్ట్రాలు దాటి ప్రయాణించేవారికి తప్ప, వాటి మీద పెట్టే అదనపు సొమ్ముకు నగరం లోపల ప్రతిఫలం దక్కదు.

ఇన్ని అంకెలు చూసిన తరవాత కూడా టెస్ట్ రైడ్ లేకుండా నిర్ణయం తీసుకోకూడదు, ఆ రైడ్ షోరూమ్ చుట్టూ ఒక చుట్టు తిరిగి వచ్చేదిగా ఉండకూడదు. ఇంజన్ బాగా వేడెక్కేదాకా రద్దీలో నడపాలి. ఇరుకు రోడ్డులో పాదాలు నేలకు ఆనించకుండా యూ-టర్న్ తీసుకుని, హ్యాండిల్ పూర్తిగా తిప్పినప్పుడు అవతలి చేయి అందుతున్నదో లేదో గమనించాలి. తెలిసిన గుంతల మీదుగా మామూలు వేగంతోనే పోవాలి. వెనక కూర్చునేవారిని కూడా వెంట తీసుకువెళ్లాలి. క్రూయిజర్ల వెనక సీటు చాలావరకు చిన్నది, నేరుగా వెనక చక్రం మీద ఉంటుంది. 42 బాబర్‌కు అది అసలే ఉండదు, మీటియోర్‌కు వీపు ఆనించుకునే ఏర్పాటు ఉన్న వేరియంట్ దొరుకుతుంది. చీర కట్టుకుని ఒక పక్కకు కూర్చునే అమ్మగారికి గానీ భార్యకు గానీ వెనక ఫుట్‌రెస్టు, చీర గార్డు, పట్టుకునే కడ్డీ ఎంత అనుకూలంగా ఉన్నాయో కాగితం మీది కొలతలు చెప్పలేవు, వారు మాత్రమే చెప్పగలరు. ఇద్దరితో టెస్ట్ రైడ్‌కు ఒక డీలర్ ఒప్పుకోకపోతే అదే బండిని అమ్మే మరో డీలర్‌ను అడగడం, లేదా ఆ బండి ఇప్పటికే వాడుతున్న బంధువుల దగ్గర ఒక పూట తీసుకుని చూడటం మిగిలిన మార్గాలు.